క్యూజీఐఎస్‌లో పాయింట్ పెట్టగానే కిందున్న పాలిగన్ వివరాలు వాటంతట అవే పడాలంటే ఎలా?

దీపస్తంభం:

అందరికీ నమస్తే. చాలా రోజులుగా ఒకే దగ్గర ఆగిపోయాను, తెలిసినవాళ్ళు కాస్త దారి చూపించండి.

క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో నా దగ్గర రెండు లేయర్లు (మ్యాప్ డేటా పొరలు) ఉన్నాయి. ఒకటి వీధి దీపాల స్తంభాలు, పాయింట్ లేయర్, ఇప్పటికి 6 వేల పైచిలుకు ఉన్నాయి, రోజూ ఇంకొన్ని కలుస్తూనే ఉంటాయి. రెండోది మెయింటెనెన్స్ జోన్లు, పాలిగన్ లేయర్, అంటే హద్దు గీసిన ప్రాంతాలు, మొత్తం 42 పాలిగన్లు, ఒక్కో జోన్‌కి నంబరు, పేరు, సూపర్‌వైజర్ పేరు, ఆయన ఫోన్ నంబరు ఫీల్డులుగా (టేబుల్ కాలమ్‌లుగా) ఉన్నాయి. స్తంభాల లేయర్‌లో కూడా ఇవే నాలుగు ఫీల్డులు పెట్టాను, ఎందుకంటే చివర్లో రిపోర్టు స్తంభాల టేబుల్ నుంచే తీయాలి.

ఇప్పుడు ఏం జరుగుతోందంటే కొత్త స్తంభం పాయింట్ పెట్టిన ప్రతిసారీ కింద ఏ జోన్ ఉందో మ్యాప్‌లో కళ్ళతో చూసి, ఆ నాలుగూ చేత్తో టైప్ చేస్తున్నా. ఒక జోన్ పేరునే మూడు నాలుగు రకాల స్పెల్లింగులతో కొట్టానని మొన్న ఫిల్టర్ పెడితే బయటపడింది, దాంతో రిపోర్టులో 42 జోన్లకి బదులు 57 వచ్చాయి. రెండు లేయర్లూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడి ఉన్నాయి కదా, పాయింట్ ఎక్కడ పడిందో సాఫ్ట్‌వేర్‌కి తెలుసు కదా, అలాంటప్పుడు ఆ వివరాలు దానంతట అదే నింపలేదా? క్యూజీఐఎస్ 3.34 వాడుతున్నా, రెండూ షేప్‌ఫైళ్ళే (మ్యాప్ డేటా దాచే ఒక ఫైలు రకం). ప్రోగ్రామింగ్ రాదు కానీ స్టెప్పులు చెప్తే జాగ్రత్తగా చేస్తాను.

మ్యాప్‌మిత్ర:

దీనికి రెడీమేడ్ టూల్ ఉంది అండి. ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లో జాయిన్ ఆట్రిబ్యూట్స్ బై లొకేషన్ అని వెతకండి. పైన స్తంభాలు, కింద జోన్లు ఇవ్వండి, సంబంధం దగ్గర వితిన్ టిక్ పెట్టండి, ఏయే ఫీల్డులు కావాలో ఎంచుకోండి, రన్ కొట్టండి. 6 వేల పాయింట్లు, 42 పాలిగన్లు అంటే క్షణాల్లో అయిపోతుంది. జాయిన్ టైపు దగ్గర మాత్రం జాగ్రత్త, వన్ టు మెనీ అని వదిలేస్తే ఒక స్తంభం రెండు జోన్లకి తగిలినప్పుడు అవుట్‌పుట్‌లో ఆ స్తంభం రెండు సార్లు వస్తుంది, లెక్క పెరిగిపోతుంది. ఫస్ట్ మ్యాచింగ్ ఫీచర్ ఓన్లీ అని పెడితే ఒక్కసారే వస్తుంది.

దీపస్తంభం:

థాంక్స్ అండి, ఈ టూల్ ఇంతకుముందు వాడాను. నా ఇబ్బంది ఏంటంటే అది ప్రతిసారీ కొత్త లేయర్ చేసి ఇస్తుంది, నా అసలు లేయర్‌లో ఏమీ మారదు. పొద్దున రన్ చేస్తే ఒక జాయిన్డ్ లేయర్, మధ్యాహ్నం ఇరవై స్తంభాలు కలిపాక ఇంకోటి, సాయంత్రం ఇంకోటి, వీటిలో అసలుది ఏదో నాకే తెలియకుండా పోతోంది. పైగా ప్రతి కొత్త లేయర్‌కీ స్టైలు, ఫామ్ సెట్టింగులు మళ్ళీ పెట్టుకోవాలి. నాకు కావాల్సింది పాయింట్ క్లిక్ చేసి ఫామ్ తెరుచుకున్న క్షణంలోనే జోన్ గడి నిండి ఉండటం. అది అసలు కుదిరే పనేనా?

అక్షాంశం:

కుదురుతుంది తమ్ముడూ, బాగా కుదురుతుంది. నేను రోజూ చేసే పనే కాబట్టి కొంచెం వివరంగా చెప్తా, ఓపిగ్గా చదువు.

ముందు ఒక సంగతి తేల్చుకో. ఆటోమేటిక్ అని మనం ఒకే మాట అంటాం కానీ అందులో రెండు వేరు వేరు కోరికలు ఉంటాయి. ఒకటి, పాయింట్ పెట్టినప్పుడు అక్కడ ఏ జోన్ ఉందో అది ముద్ర వేసినట్టు టేబుల్‌లో రాసిపెట్టేయడం, రేపు జోన్ హద్దు మారినా ఆ రాసింది మారదు. రెండోది, ఎప్పుడు టేబుల్ తెరిస్తే అప్పుడు ఆ క్షణాన ఉన్న హద్దుల ప్రకారం లెక్కేసి చూపించడం. మొదటిదానికి డిఫాల్ట్ వాల్యూ, రెండోదానికి వర్చువల్ ఫీల్డ్. ఏది మంచిది అని అడగొద్దు, నీ పనికి ఏది కావాలో నువ్వే చెప్పాలి. సర్వే చేసిన రోజున అది ఏ జోన్‌లో ఉండేది అన్నది రికార్డుగా నిలవాలి అంటే ముద్రే కరెక్ట్. ఇవాళ ఎవరికి ఫోన్ చేయాలి అన్నది కావాలంటే అప్పటికప్పుడు లెక్కేసేదే కరెక్ట్.

ఇప్పుడు డిఫాల్ట్ వాల్యూ ఎలాగో చూడు. స్తంభాల లేయర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ఆట్రిబ్యూట్స్ ఫామ్, ఎడమ వైపు జోన్ నంబరు ఫీల్డ్ ఎంచుకో, కుడి వైపు కిందికి జరిపితే డిఫాల్ట్స్ అనే భాగం ఉంటుంది. అక్కడ డిఫాల్ట్ వాల్యూ పెట్టెలో ఇది రాయి:

ఓవర్లే_వితిన్('జోన్లు', "జోన్_నంబరు")[0]

ఫంక్షన్ పేరు నేను తెలుగులో రాశాను గానీ నువ్వు ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి, ఎక్స్‌ప్రెషన్ (ఇలాంటి సూత్రం) బిల్డర్ తెరిస్తే కుడి పక్క జాబితాలో ఓవర్లే అని వెతికితే ఈ కుటుంబం మొత్తం కనిపిస్తుంది, డబుల్ క్లిక్ చేస్తే చాలు. ఈ ఓవర్లే ఫంక్షన్లు 2020 అక్టోబర్‌లో వచ్చిన 3.16 నుంచి ఉన్నాయి, నీది 3.34 కాబట్టి ఏ దిగులూ లేదు. అంతకుముందు మేమంతా అగ్రిగేట్ ఫంక్షన్‌లో పేరెంట్ జామెట్రీని తీసుకుని ఇంటర్‌సెక్ట్స్ పెట్టి ఇంత పొడుగు రాసుకునేవాళ్ళం, అందులో రెండు లేయర్ల సీఆర్ఎస్ (కోఆర్డినేట్లు కొలిచే పద్ధతి) వేరైతే ట్రాన్స్‌ఫామ్ కూడా మనమే రాయాలి. ఓవర్లే ఫంక్షన్లు ఆ కోఆర్డినేట్ మార్పిడి లోపలే చేసుకుంటాయి, అదొక్కటే పెద్ద సుఖం.

చివర ఆ [0] ఎందుకంటే ఓవర్లే ఫంక్షన్ ఇచ్చేది ఒక్క విలువ కాదు, జాబితా. ఎన్ని పాలిగన్లు దొరికితే అన్ని. అందులో మొదటిది తీసుకో అని దాని అర్థం, ప్రోగ్రామింగ్‌లో లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి 0.

దాని కిందే అప్లై డిఫాల్ట్ వాల్యూ ఆన్ అప్‌డేట్ అనే టిక్ ఉంటుంది. అది పెడితే స్తంభాన్ని ఒక జోన్ నుంచి ఇంకో జోన్‌లోకి జరిపినప్పుడు నంబరు కూడా మారుతుంది. కానీ నువ్వు చేత్తో ఏదైనా దిద్ది ఉంటే తర్వాత ఆ ఫీచర్‌లో ఏ చిన్న మార్పు చేసినా అది తుడిచిపెట్టుకుని మళ్ళీ లెక్క వేసిన విలువే పడుతుంది, గుర్తు పెట్టుకో.

ఇంకో మాట, నాకు చాలా ముఖ్యం అనిపించేది. సూపర్‌వైజర్ పేరు, ఫోన్ నంబరు స్తంభాల టేబుల్‌లో అసలు పెట్టొద్దు. జోన్ నంబరు ఒక్కటే లొకేషన్ ద్వారా తెచ్చుకో. మిగతావి ప్రాపర్టీస్‌లో జాయిన్స్ ట్యాబ్ ద్వారా, జోన్ నంబరు తాళంగా పెట్టి కలుపుకో. అది మామూలు టేబుల్ జాయిన్, సూపర్‌వైజర్ మారితే జోన్ల లేయర్‌లో ఒక్క చోట దిద్దితే 6 వేల స్తంభాలకీ మారినట్టే కనిపిస్తుంది. ఒకే ఫోన్ నంబరుని 6 వేల గళ్ళలోకి కాపీ చేస్తే, అది మారిన రోజున ఏ గడిలో పాతది మిగిలిపోయిందో ఎవరికీ తెలియదు.

అలాగే షేప్‌ఫైల్ వదిలి జియోప్యాకేజ్ అనే ఫైలు రకంలోకి ఎక్స్‌పోర్ట్ చేసుకో. షేప్‌ఫైల్‌లో ఫీల్డ్ పేరు 10 అక్షరాలు దాటితే తెగిపోతుంది, జాయిన్ చేసినప్పుడు ముందు లేయర్ పేరు తగిలించి వచ్చే ఫీల్డులన్నీ అక్కడే తెగి ఒకేలా కనిపిస్తాయి. జియోప్యాకేజ్‌లో స్పేషియల్ ఇండెక్స్ (స్థానాన్ని బట్టి త్వరగా వెతికే సూచిక) కూడా మామూలుగా తోడే వస్తుంది.

దీపస్తంభం:

అక్కా, దండాలు. ఇంత వివరంగా ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. జియోప్యాకేజ్ చేశాను, జాయిన్స్ ట్యాబ్ కూడా అయింది, సూపర్‌వైజర్ వివరాలు చక్కగా వస్తున్నాయి.

కానీ జోన్ నంబరు దగ్గర మూడు సమస్యలు వచ్చాయి. మొదట ఫీల్డు టెక్స్ట్ టైపు కదా, ప్రతి కొత్త స్తంభానికీ జోన్_నంబరు అనే మాటే పడింది, నంబరు కాదు, ఆ మాటే. తర్వాత గమనిస్తే నేను రెండిటికీ సింగిల్ కోట్స్ పెట్టాను, రెండోదానికి డబుల్ కోట్స్ పెట్టగానే సరిపోయింది. ఎవరైనా ఇదే దగ్గర ఆగిపోతే చూసుకోండి, ఫీల్డ్ పేరుకి డబుల్, మామూలు మాటకి సింగిల్.

రెండోది, పాత 6 వేల స్తంభాలు ఖాళీగానే ఉన్నాయి, వాటికి ఏం పడలేదు.

మూడోదే అర్థం కావట్లేదు. ఇవాళ 63 కొత్త స్తంభాలు పెట్టాను. 50 దాకా కరెక్ట్‌గా వచ్చాయి. 9 స్తంభాలకి ఏమీ రాలేదు, ఖాళీ. ఇంకో నాలుగింటికి పక్క జోన్ నంబరు పడింది. అన్నీ జోన్ల హద్దుల దగ్గరవే. జూమ్ చేసి చూస్తే మాత్రం పాయింట్ సరిగ్గా గీత మీదే ఉన్నట్టు కనిపిస్తోంది.

సరిహద్దురాయి:

రెండోది తేలిక. డిఫాల్ట్ వాల్యూ కొత్తగా పుట్టే ఫీచర్లకే. పాతవాటికి ఫీల్డ్ క్యాలిక్యులేటర్ తెరిచి, అప్‌డేట్ ఎగ్జిస్టింగ్ ఫీల్డ్ పెట్టి, అదే ఎక్స్‌ప్రెషన్ ఒక్కసారి నడిపేయండి.

మూడోదే అసలు కథ, దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే చాలామంది ఇక్కడ తప్పు విలువలు పడుతున్నాయని కూడా తెలుసుకోకుండా వెళ్ళిపోతారు.

ఒక ప్రశ్న. మీరు పాయింట్లు పెట్టేటప్పుడు స్నాపింగ్ ఆన్‌లో ఉందా? జోన్ల లేయర్‌కి స్నాప్ అవుతోందా? మీరు చెప్పిన లక్షణాలు చూస్తే అదే అనిపిస్తోంది. జోన్ల హద్దులు సాధారణంగా రోడ్ల వెంబడే గీస్తారు, స్తంభాలు కూడా రోడ్ల వెంబడే ఉంటాయి, కాబట్టి హద్దు గీతకి దగ్గరగా క్లిక్ చేయగానే పాయింట్ వెళ్ళి గీతకి అతుక్కుంటుంది.

వితిన్ అంటే పాయింట్ పాలిగన్ లోపల ఉండాలి, హద్దు గీత మీద ఉంటే లోపల ఉన్నట్టు కాదు. కాబట్టి పాయింట్ కచ్చితంగా హద్దు మూల మీద కూర్చుంటే ఇటు జోన్‌కీ కాదు, అటు జోన్‌కీ కాదు, ఖాళీ వస్తుంది. మీ 9 ఖాళీలు ఇవే అయ్యుంటాయి. మరి ఆ నాలుగు పక్క జోన్‌లోకి ఎందుకెళ్ళాయంటే, మూల మీద కాకుండా రెండు మూలల మధ్య గీత మీద స్నాప్ అయినప్పుడు ఆ స్థానాన్ని కంప్యూటర్ లెక్కేసి దశాంశాల్లో ఎక్కడో ఒక దగ్గర గుండ్రం చేసి రాస్తుంది. ఆ గుండ్రం చేయడంలో పాయింట్ గీతకి ఇటో అటో వెంట్రుకవాసి తప్పుకుంటుంది. ఎంత జూమ్ చేసినా కంటికి గీత మీదే ఉన్నట్టుంటుంది, లెక్కకి మాత్రం ఒక పక్కన ఉంటుంది. ఏ పక్కన అన్నది మన చేతిలో లేదు.

ఇప్పుడు చాలామంది ఇచ్చే సలహా, వితిన్ తీసేసి ఇంటర్‌సెక్ట్స్ పెట్టు, ఖాళీలు పోతాయి అని. పోతాయి, నిజమే. కానీ హద్దు మీదున్న పాయింట్ రెండు జోన్లకీ ఇంటర్‌సెక్ట్ అవుతుంది, జాబితాలో రెండు వస్తాయి, మనం [0] అని మొదటిది లాగేసుకుంటాం. ఏది మొదట వస్తుందో దానికి పద్ధతి ఏమీ లేదు. ఖాళీ గడి ఉంటే కనీసం కంటికి కనిపిస్తుంది, తప్పు నంబరు ఉంటే కనిపించదు. నాకైతే ఖాళీయే మేలు.

అందుకే నేను చేసేది ఏంటంటే పక్కన ఇంకో ఫీల్డ్ పెడతాను, జోన్_లెక్క అని. దాని డిఫాల్ట్ వాల్యూ ఇలా:

అర్రే_లెంగ్త్(ఓవర్లే_ఇంటర్‌సెక్ట్స్('జోన్లు', "జోన్_నంబరు"))

1 వస్తే సరే. 0 వస్తే పాయింట్ ఏ జోన్‌లోనూ లేదు, అంటే జోన్ల మధ్య సందు ఉండొచ్చు, లేదా పాయింటే బయట పడి ఉండొచ్చు. 2 వస్తే హద్దు మీద ఉంది, లేదా రెండు జోన్ పాలిగన్లు ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉన్నాయి. రోజు చివర 1 కానివాటిని ఫిల్టర్ చేసి మనిషి కళ్ళతో చూడాలి, అంతే. సింబాలజీలో 1 కానివాటికి ఎర్ర చుక్క పెట్టుకుంటే పని చేస్తుండగానే తెలిసిపోతుంది. ఆ గుండ్రంలో ఒక పక్కకి జరిగినవాటికి మాత్రం 1 వచ్చేస్తుంది, ఈ లెక్క వాటిని పట్టదు, వాటికి మందు స్నాపింగ్ మానడమే.

జోన్ల లేయర్‌ని కూడా ఒకసారి ఆరోగ్య పరీక్ష చేయించండి. ముందు చెక్ వాలిడిటీ, తప్పులుంటే ఫిక్స్ జామెట్రీస్. ఒక పాలిగన్ గీత తనని తానే కోసుకుని ఉంటే దాని లోపల ఉన్న పాయింట్లకి కూడా జవాబు తేడాగా రావచ్చు. తర్వాత టోపాలజీ చెకర్ ప్లగిన్ ఆన్ చేసి మస్ట్ నాట్ ఓవర్‌ల్యాప్, మస్ట్ నాట్ హ్యావ్ గ్యాప్స్ అనే రెండు రూల్స్ పెట్టి చూడండి. 42 పాలిగన్లే కాబట్టి ఒక పూటలో దిద్దేయొచ్చు. ఆ పూట ఖర్చు పెడితే ఆ తర్వాత చేసే ప్రతి జాయినూ బాగుంటుంది.

మ్యాప్‌మిత్ర:

స్నాపింగ్ మాట బాగా పట్టారు, నాకు తట్టలేదు. దానికే ఇంకొకటి చేరుస్తా. ఈ పాయింట్లు ఫోన్‌తో ఫీల్డులో తీసినవైతే హద్దు పక్కన ఉన్నవాటిని ఎలాగూ నమ్మలేం. ఆకాశం బాగా కనబడే చోట కూడా ఫోన్ జీపీఎస్‌కి సుమారు 5 మీటర్ల తేడా మామూలే, భవనాల మధ్య ఇంకా ఎక్కువ. రోడ్డు మధ్యలో హద్దు ఉంటే అవతల పక్క స్తంభం ఇవతల జోన్‌లో పడటానికి అది చాలు. పాలిగన్స్ టు లైన్స్‌తో జోన్ హద్దుల్ని గీతలుగా మార్చి, జాయిన్ ఆట్రిబ్యూట్స్ బై నియరెస్ట్ నడిపితే ప్రతి స్తంభానికీ హద్దు నుంచి దూరం ఒక ఫీల్డుగా వస్తుంది. 5 లోపు ఉన్నవన్నీ అనుమానితులే. లేయర్ సీఆర్ఎస్ మీటర్లలో ఉండాలి సుమా, 4326 అనే అక్షాంశ రేఖాంశాల పద్ధతిలో ఉంటే ఆ దూరం డిగ్రీల్లో వస్తుంది, దాన్ని 5తో పోలిస్తే అన్నీ అనుమానితులే అవుతాయి.

నేలపొర:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి, నాదీ ఇలాంటిదే. నాకు రెండూ పాలిగన్లే. పైన భూమి పార్సెళ్ళు, కింద నేల రకాల లేయర్. ఓవర్లే_ఇంటర్‌సెక్ట్స్ పెట్టాను. కొన్ని పార్సెళ్ళు పూర్తిగా నల్లనేలలో ఉన్నట్టు కనిపిస్తున్నా ఎర్రనేల అని వస్తోంది. వితిన్ పెడితే సగం పైగా ఖాళీ. పార్సెల్ సెంట్రాయిడ్ (మధ్యబిందువు) తీసి దాంతో చూద్దామా అంటే కొన్ని పార్సెళ్ళు ఎల్ ఆకారంలో ఉన్నాయి, సెంట్రాయిడ్ పక్కవాడి భూమిలో పడుతోంది. ఏం చేయాలి?

అక్షాంశం:

పాలిగన్ మీద పాలిగన్ అంటే ఆట మారిపోతుందండి. ఇంటర్‌సెక్ట్స్‌కి అంచు తగిలినా చాలు, తగిలినట్టే లెక్క. మీ నల్లనేల పార్సెల్ అంచు ఎర్రనేల పాలిగన్ అంచుకి ఎక్కడో ఆనుకుని ఉంటుంది, జాబితాలో అదే మొదట వచ్చి ఉంటుంది. వితిన్ ఏమో పార్సెల్ మొత్తం ఒకే నేలలో ఉంటేనే ఒప్పుకుంటుంది, రెండు నేలల మీద పరుచుకున్న ప్రతిదీ ఖాళీ వస్తుంది.

సెంట్రాయిడ్ బదులు పాయింట్_ఆన్_సర్ఫేస్ వాడితే అది తప్పకుండా పార్సెల్ లోపలే పడుతుంది, ఎల్ ఆకారమైనా సరే. కానీ లోపల పడినంత మాత్రాన అది పార్సెల్‌లో ఎక్కువ భాగం ఉన్న నేల మీదే పడుతుందని నమ్మకం లేదు. మీకు కావాల్సింది ఎక్కువ భాగం ఏ నేల అన్నది కాబట్టి విస్తీర్ణమే చూడాలి. ఇప్పటి వెర్షన్లలో ఓవర్లే_ఇంటర్‌సెక్ట్స్‌కి సార్ట్_బై_ఇంటర్‌సెక్షన్_సైజ్ అనే ఆప్షన్ ఉంది, దానికి 'డెస్' అని ఇస్తే ఎక్కువ ఆక్రమించిన నేల జాబితాలో ముందుకొస్తుంది, అప్పుడు [0] తీసుకుంటే అర్థం ఉంటుంది. మిన్_ఓవర్‌ల్యాప్ అని ఇంకోటి ఉంది, ఇన్ని చదరపు మీటర్ల లోపు తగిలినవి వదిలేయ్ అని చెప్పొచ్చు, అంచు తగులుళ్ళు, సన్నటి పీలికలు అన్నీ దాంతో పోతాయి. ఒకసారికే చాలు అనుకుంటే జాయిన్ ఆట్రిబ్యూట్స్ బై లొకేషన్‌లోనే జాయిన్ టైపు దగ్గర లార్జెస్ట్ ఓవర్‌ల్యాప్ అని మూడో ఎంపిక ఉంటుంది, అదే పని చేస్తుంది.

అయితే ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఒక పార్సెల్‌లో 55 శాతం నల్లనేల, 45 శాతం ఎర్రనేల ఉంటే, ఒకే గడిలో నల్లనేల అని రాసేస్తే ఆ 45 శాతం ఎక్కడికి పోయింది? మీరు తర్వాత దీంతో నీటి లెక్కో ఎరువు లెక్కో వేస్తే ఆ తప్పు పార్సెల్ తర్వాత పార్సెల్‌గా పేరుకుంటూ పోతుంది. అలాంటి పనికైతే ఇంటర్‌సెక్షన్ టూల్‌తో ముక్కలు కోసి ఒక్కో ముక్క విస్తీర్ణం తీయండి, లేదా ఓవర్‌ల్యాప్ అనాలసిస్ అనే టూల్ వాడండి, అది ఒక్కో లేయర్ ఎంత విస్తీర్ణం కప్పింది, ఎంత శాతం అన్నది నేరుగా ఫీల్డులుగా ఇచ్చేస్తుంది. నేల రకాలన్నీ ఒకే లేయర్‌లో ఉంటే రకానికో లేయర్‌గా విడగొట్టి ఇవ్వాలి. చేత్తో శాతం లెక్కేసేటప్పుడు డాలర్ గుర్తు ఉన్న ఏరియా ఒక చోట, జామెట్రీ మీద రాసే ఏరియా ఫంక్షన్ ఇంకో చోట కలిపి వాడొద్దు, మొదటిది ప్రాజెక్టు ఎలిప్సాయిడ్ (భూమి గుండ్రని ఆకారం) ప్రకారం లెక్కేస్తుంది, రెండోది చదునైన తలం మీద, రెండూ కలిపితే ముక్కల శాతాలు కూడితే వందకి రావు.

నేలపొర:

సార్ట్ పెట్టగానే సరైపోయాయి మేడమ్. కానీ మీరన్న 55, 45 మాట విన్నాక పార్సెళ్ళు చూస్తే అలాంటివి చాలానే ఉన్నాయి. ముక్కలు కోసే దారిలోనే వెళ్తాను.

టేబుల్‌రాజు:

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒక్క మనిషి ఒక్క కంప్యూటర్‌లో చేసే పనికి బాగుంటాయి. ఈ డిఫాల్ట్ వాల్యూ అనేది క్యూజీఐఎస్ ప్రాజెక్టులో ఉండే సెట్టింగ్, డేటాలో ఉండేది కాదు. నలుగురు కలిసి పనిచేస్తున్నారు, ఒకరు వేరే ప్రాజెక్టు తెరిచి అదే జియోప్యాకేజ్‌లో పాయింట్లు పెట్టారు అనుకోండి, వాళ్ళ ప్రాజెక్టులో ఆ సెట్టింగ్ లేకపోతే జోన్ ఖాళీ. జోన్ల లేయర్ ఆ ప్రాజెక్టులో లోడ్ అయి లేకపోయినా ఖాళీయే. జోన్ల లేయర్ పేరు మార్చినా ఎక్స్‌ప్రెషన్‌కి అది దొరకదు. వర్చువల్ ఫీల్డూ అంతే, ప్రాజెక్టు ఫైల్‌లోనే ఉంటుంది, టేబుల్ తెరిచిన ప్రతిసారీ మొత్తం లెక్కేస్తుంది కాబట్టి పాయింట్లు పెరిగేకొద్దీ బరువవుతుంది.

నలుగురు ఉన్నచోట నా ఓటు మ్యాప్ డేటా దాచే డేటాబేస్ పోస్ట్‌జీఐఎస్‌కే. స్తంభాల టేబుల్ మీద ఒక ట్రిగ్గర్ (డేటాబేస్ దానంతట అదే నడిపే చిన్న ప్రోగ్రాం) రాయండి, ఇన్సర్ట్‌కి ముందు, అప్‌డేట్‌కి ముందు నడిచేలా. అందులో ఉండేది ఇంతే, కొత్తగా వచ్చిన పాయింట్ జామెట్రీకి ఎస్‌టీ_ఇంటర్‌సెక్ట్స్ అయ్యే జోన్ నంబరు తెచ్చి కొత్త వరుసలో పెట్టు. రెండు దొరికినప్పుడు ఏది కావాలో ఆర్డర్ బై పెట్టి మీరే చెప్పండి, ఉదాహరణకి చిన్న నంబరు జోన్, అప్పుడు ఎన్నిసార్లు నడిపినా ఒకే జవాబు వస్తుంది. ఇక పాయింట్ క్యూజీఐఎస్ నుంచి వచ్చినా, ఫోన్ యాప్ నుంచి వచ్చినా, ఎవరో స్క్రిప్టుతో కుమ్మరించినా జోన్ పడే తీరుతుంది. సేవ్ చేశాక గానీ కనిపించదు, అదొక్కటే తేడా. జోన్ హద్దు మారినప్పుడు లోపలి స్తంభాలు కూడా మారాలంటే జోన్ల టేబుల్ మీద కూడా ఇంకో ట్రిగ్గర్ కావాలి, పాత హద్దులో ఉన్నవి, కొత్త హద్దులో ఉన్నవి రెండిటినీ అది చూసుకోవాలి. దీన్ని చాలామంది మర్చిపోతారు.

ఇండెక్స్ గురించి ఒక్క మాట. జోన్ల జామెట్రీ మీద జిస్ట్ ఇండెక్స్ (పోస్ట్‌జీఐఎస్‌లో స్పేషియల్ ఇండెక్స్) పెట్టండి. రెండు టేబుళ్ళ ఎస్ఆర్ఐడీ (సీఆర్ఎస్ నంబరు) వేరైతే పోస్ట్‌జీఐఎస్ దానంతట అది మార్చదు, ఎర్రర్ ఇస్తుంది. అప్పుడు ట్రాన్స్‌ఫామ్‌ని జోన్ల కాలమ్ మీద కాకుండా కొత్త పాయింట్ మీద పెట్టండి. కాలమ్ మీద పెడితే ఇండెక్స్ పక్కకి పోయి ప్రతి పాయింట్‌కీ జోన్లన్నిటినీ మార్చుకుంటూ కూర్చుంటుంది. 42 జోన్లకి తెలియదు, 40 వేల పార్సెళ్ళకి తెలుస్తుంది.

పొరలపని:

ఆర్క్‌జీఐఎస్ ప్రో అనే ఇంకో మ్యాప్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళ కోసం చిన్న ముక్క. అక్కడ ఇదే పనికి ఆట్రిబ్యూట్ రూల్స్ ఉన్నాయి, కాల్క్యులేషన్ రూల్ పెట్టి ఆర్కేడ్ అనే దాని సొంత భాషలో ఇంటర్‌సెక్ట్స్ రాస్తే పాయింట్ పెట్టగానే పడుతుంది. రూల్ జియోడేటాబేస్ లోపలే ఉంటుంది కాబట్టి పైన టేబుల్‌రాజు గారు చెప్పిన ప్రాజెక్టు సమస్య రాదు. షేప్‌ఫైల్ మీద మాత్రం పనిచేయదు, ఫీచర్ క్లాస్‌కి గ్లోబల్ ఐడీ (ప్రతి వరుసకీ ఉండే ప్రత్యేక గుర్తింపు) కూడా ఉండాలి.

దీపస్తంభం:

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. రెండు రోజులు కూర్చుని మొత్తం చేశాను, ఏం జరిగిందో రాస్తున్నా, నా తర్వాత ఎవరికైనా పనికొస్తుంది.

స్నాపింగ్ మాట నూటికి నూరు పాళ్ళు నిజం. జోన్ల లేయర్‌కి స్నాపింగ్ ఆన్‌లో ఉంది, ఆఫ్ చేశాను. టోపాలజీ చెకర్ 11 సందులు, 6 ఓవర్‌ల్యాప్‌లు చూపించింది, అన్నీ దిద్దాను. తర్వాత పాత 6 వేల స్తంభాలకి ఫీల్డ్ క్యాలిక్యులేటర్ నడిపి, జోన్_లెక్క కూడా నింపితే 1 కానివి 148 వచ్చాయి. వాటిని ఒక్కొక్కటిగా చూస్తూ పోతే కొత్త సంగతి తెలిసింది.

వాటిలో కొన్ని స్తంభాలు నిలబడింది 14వ జోన్ వైపే, కానీ వాటికి కరెంటు వచ్చే స్విచ్ పెట్టె 15వ జోన్‌లో ఉంది, కాబట్టి దీపం పోతే వెళ్ళాల్సింది 15 వాళ్ళే. అంటే మ్యాప్ చెప్పే జోన్ వేరు, పని చేసే జోన్ వేరు. దాన్ని ఏ ఓవర్లే ఫంక్షనూ చెప్పలేదు. అందుకే రెండు ఫీల్డులు పెట్టాను. ఒకటి ఆటో_జోన్, అది డిఫాల్ట్ వాల్యూతో నిండుతుంది, అప్‌డేట్ టిక్ కూడా పెట్టాను, దాన్ని ఎవరూ ముట్టుకోకుండా ఫామ్‌లో ఎడిటబుల్ టిక్ తీసేశాను. రెండోది ఖరారు_జోన్, తేడా ఉన్నప్పుడు మాత్రమే చేత్తో నింపేది. రిపోర్టులో కోఅలెస్ పెట్టి ఖరారు ఉంటే అది, లేకపోతే ఆటో తీసుకుంటున్నా. సూపర్‌వైజర్ వివరాల జాయిన్ కూడా దీని మీదకే మార్చాను. ఈసారి రిపోర్టులో సరిగ్గా 42 జోన్లు వచ్చాయి.

వచ్చే నెల ఇంకో ఇద్దరు నాతో కలిసి ఎంట్రీ చేస్తారు, అప్పుడు టేబుల్‌రాజు గారు చెప్పిన పోస్ట్‌జీఐఎస్ దారిలోకి మారాలి. ఆ ట్రిగ్గర్‌లో ఆటో_జోన్ మాత్రమే మారి ఖరారు_జోన్ చెక్కుచెదరకుండా ఉండాలంటే ఏమైనా ప్రత్యేకంగా రాయాలా?

టేబుల్‌రాజు:

ఏమీ అక్కర్లేదు. ట్రిగ్గర్‌లో ఆటో_జోన్‌కి మాత్రమే విలువ ఇవ్వండి, మీరు పేరెత్తని కాలమ్ జోలికి అది పోదు. అప్‌డేట్ దగ్గర జామెట్రీ కాలమ్ మారినప్పుడే నడవాలి అని రాసుకోండి, లేకపోతే బల్బు వాట్లు దిద్దినా జోన్ వెతుక్కుంటూ కూర్చుంటుంది. రాశాక ఇక్కడే పెట్టండి, చూస్తాను.